అడుగు పోత

ఎమ్మిగనూరు,
4-2-1986

అమ్మా దేవకీ,

నేను కాశప్పను. మీ నాయన వెంకోబారావు సారు దగ్గర ఏడో తరగతి దాకా చదివి, ఎనిమిదికి పోకుండా సత్తు, మీ చదువులో అల్యూమినియం అంటారే, దాన్ని కరిగించే పనిలో పడినవాణ్ణి. చిన్నప్పుడు నా పోత కొట్టంలోకి వచ్చి ఇసుకంతా కాళ్లతో తొక్కి పోయేదానివి, నేను అరిచేవాణ్ణి. ఇప్పుడు బెంగళూరులో లోహాల చదువు చదివి ఆదోని కాలేజీలో పాఠాలు చెబుతున్నావని సారు చెప్పినాడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

సంగతేమంటే, మూడేండ్లుగా వానల్లేవు. నందవరం చుట్టూ ఎవరిని చూసినా బావి లోతు చేయించేవాళ్లే. వాళ్లకు గిలకలు కావాలి. ఇనుప గిలకను మోసుకుపోయి దూలానికి కట్టేసరికి నడుము పోతుందంటారు. సత్తు గిలక తేలికే గానీ, మట్టి పట్టిన మోకు రాసుకుని రాసుకుని మూన్నెల్లకే గాడి అరిగిపోతుంది. దానికి నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు.

పోయిన దీపావళికి ఒక ఉపాయం తట్టింది. పాత లారీ పిస్టన్లు కరిగించి, అందులో సానచక్రాల పొడి కలిపినాను. మొదట్లో కలవనే లేదు, పైన తేలుకుంటూ నన్ను ఎగతాళి చేసింది. పొడిని పెనం మీద ఎర్రగా కాల్చి, పిడికెడు పిడికెడు వేస్తూ తిప్పితే అప్పుడు లొంగింది. ఆ లోహంతో మచ్చుకు పోసిన గిలక మీద ఆకురాయి పెట్టి రుద్దితే ఆకురాయి పళ్లు పోయినాయి గానీ గిలక అరగలేదు.

నా కండ్లకు బాగుంది. కానీ దీన్ని నమ్ముకుని మనుషులు బావిలోకి దిగుతారు. నీ కాలేజీలో లోహం లోపల చూసే అద్దం ఉందంట కదా. ఒక ముక్క కోసి బస్సు కండక్టరు వెంకటేశులు చేతికి ఇచ్చినాను. ఉన్నది ఉన్నట్టు రాయి. బాగలేకపోతే బాగలేదనే రాయి, నేనేమీ ఏడ్వను.

మీ కాశన్న

ఆదోని,
17-2-1986

కాశన్నా,

నువ్వు ఏడ్వనక్కర్లేదు. రెండు రోజులుగా నేనే కాలు నిలవకుండా తిరుగుతున్నాను.

నీ ముక్కను మెరిసేదాకా రుద్ది, మందు పూసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. తెల్లటి నేల మీద నల్లటి గింజలు, ఉప్మాలో ఆవాల్లాగా, దేనికది విడివిడిగా ఉన్నాయి. మేము చదువుకునేటప్పుడు ఇట్లాంటి మిశ్రమం ఒక్కటి సరిగ్గా రావాలని ఏడాదంతా కుస్తీ పట్టాం. నువ్వేమో పెనం మీద వేయించి చేసేశావు.

ఎందుకు గట్టిపడిందో చెబుతాను విను. లోహం వంగడమంటే దాని లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారడం. ఉత్త సత్తులో వాటికి అడ్డేమీ లేదు, జారుకుంటూ పోతాయి. నీ గింజలు దారికి అడ్డంగా కూర్చున్నాయి. వాటిని దాటుకుని జారాలంటే ఎక్కువ బలం పెట్టాలి. అందుకే అరగదు, తొందరగా వంగదు. అయినా గింజకూ గింజకూ మధ్య మెత్తటి సత్తు ఉంది కాబట్టి, మోయలేని బరువు పడితే ముందు కాస్త వంగి మనకు తెలియజేస్తుంది, తర్వాతే తెగుతుంది. మంచి లోహం అంటే అదే.

నిర్భయంగా పోసుకో. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ పని మీద ఒక వ్యాసం రాస్తే నాకూ పనికొస్తుంది, అందులో నీ పేరు కూడా వేస్తాను. నాన్నకు చెబితే, "వాడికి లెక్కల్లో సున్నా వేసినవాణ్ణి నేనే" అని నవ్వారు.

దేవకి

ఎమ్మిగనూరు,
9-3-1986

అమ్మా దేవకీ,

నీ ఉత్తరం కొట్టంలో గోడకు అంటించినాను. వచ్చినవాళ్లకు, ఆదోని కాలేజీలో అమ్మ చూసి చెప్పింది అని చూపిస్తున్నాను. మూస అంటే లోహం కరిగించే కుండ, అట్లాంటివి రెండు మూసలు కరిగించి పదమూడు గిలకలు పోసినాను. పదకొండు అమ్ముడుపోయినాయి. మిగతా రెండూ అడుగు పోతలు, వాటిని అమ్మేది లేదు.

మా పోతపనివాళ్ల ఇండ్లలో ఒక పద్ధతి ఉంది, నీకు తెలియదేమో. మూస అడుగున మిగిలిన లోహంతో చివర పోసిన వస్తువు ఇంటిది. మా తాత నాటి నుంచీ అంతే. దాన్ని అమ్మితే పొయ్యి మీది అన్నం అమ్ముకున్నట్టే అంటారు. అట్లా ఒకదాన్ని మా ఇంటి బావికి కట్టినాను. రెండోది తన తమ్ముడు మద్దయ్యకు ఇమ్మని నా భార్య హులిగమ్మ పట్టుబట్టింది. మద్దయ్య బావులు తవ్వే మనిషి. ఇప్పుడు నందవరం దిక్కు ఒక పల్లెలో భీమప్ప అనే రైతు బావిలో పది మట్ల, అంటే పది మనుషుల ఎత్తు లోతున పని చేస్తున్నాడు. "ఊరోళ్లకంతా తేలికవి యిచ్చి నా తమ్మునితో ఇనుము మోపిస్తావా" అని హులిగమ్మ రెండు దినాలు నాతో మాట్లాడలేదు. ఇవ్వకుండా ఎట్లుంటాను?

పైగా ఆ అడుగు పోతలు రెండూ అన్నిటికంటే గట్టివి. మిగతావాటి మీద ఆకురాయి కాస్తయినా పట్టుకుంటుంది, వీటి మీద అసలు నిలవదు. అమ్మినవాటికంటే మంచిది నా బామ్మర్దికి పోయిందని నాకు తృప్తిగా ఉంది. మద్దయ్య దాన్ని భుజాన వేసుకుని, "బావా, బరువే తెలీల్యా" అని మురిసిపోయినాడు.

సారుకు నా నమస్కారాలు చెప్పు. సున్నా సంగతి నాకు గుర్తుందని కూడా చెప్పు.

మీ కాశన్న

ఆదోని,
15-3-1986

కాశన్నా,

నీ ఉత్తరంలో ఒక్క మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఒకే మూసలో కరిగిన లోహం కదా. మొదట పోసినదానికంటే చివర పోసింది ఎందుకు ఎక్కువ గట్టిగా ఉండాలి?

నువ్వు మూసలోంచి గరిటెతో పైపైన తోడి పోస్తావు. తిప్పడం ఆపాక ఎంతసేపు పోస్తావు? సానచక్రాల పొడి సత్తు కంటే బరువు. చారులో పప్పు దిగినట్టు అది అడుగుకు దిగి ఉంటుంది. అట్లా అయితే అడుగు పోతలో గింజలు కిక్కిరిసి ఉంటాయి. కిక్కిరిస్తే గట్టిగానే ఉంటుంది. గట్టితనం వేరు, బలం వేరు కాశన్నా. గాజు మీద కూడా ఆకురాయి నిలవదు, అట్లాగని గాజుకు మనిషిని వేలాడదీస్తామా?

ఫిబ్రవరిలో నువ్వు పంపింది ఏ పోత ముక్క? మొదటిదా, చివరిదా? ఇది నేను అప్పుడే అడగాల్సింది. సంబరంలో అడగలేదు.

మొదటి పోతది, నడిమిది, అడుగుది, మూడు ముక్కలూ పంపు. నేను చూసేదాకా గోడ మీది ఉత్తరం తీసేయ్. మద్దయ్యను కూడా అన్నాళ్లూ ఇనుప గిలకే కట్టుకోమను. నా అనుమానం ఉత్తదే కావచ్చు. ఉత్తదే కావాలని కోరుకుంటున్నాను.

దేవకి

ఎమ్మిగనూరు,
20-4-1986

అమ్మా దేవకీ,

ఆలస్యమైంది. ఎండలు ముదిరే కొద్దీ పాత గిలకలు బాగుచేయించుకునే మనుషులు రోజూ వస్తున్నారు, ఊపిరి ఆడటం లేదు. పొడి కలిపినవి మళ్లీ పోయలేదు.

నువ్వు రాసింది హులిగమ్మకు చెప్పలేదు. చెబితే తమ్ముని దగ్గరికి పరుగెడుతుంది. ఇనుపది దొరికేదాకా మద్దయ్య పని ఆపితే భీమప్ప వేరేవాళ్లను పెట్టుకుంటాడు. ఈ కరువులో ఉత్త అనుమానానికి వాని నోటికాడి కూడు తీయమంటావా? ఏమీ అనుకోవద్దు, చదువుకున్నవాళ్లకు అనుమానాలు ఎక్కువ. ఫిబ్రవరిలో నిర్భయంగా పోసుకో అన్నావు, మార్చిలో గోడ మీది ఉత్తరం పీకేయమంటావు. మాలాంటివాళ్లం ఏ మాట పట్టుకోవాలి?

అయినా అడిగినావు కాబట్టి మూడు ముక్కలు పంపుతున్నాను. ఒక గీత పెట్టింది మొదటి పోత, రెండు గీతలది నడిమిది (రెండూ ఆ గిలకలు పోసినప్పుడు అంచున కోసి ఉంచినవి), మూడు గీతలది అడుగుది. అడుగుది మా ఇంటి గిలక నుంచి కోసింది. ఫిబ్రవరిలో పంపింది మొదటి పోత ముక్కే. చూసేదానికి నున్నగా ఉందని దాన్నే పంపినాను.

కాశప్ప

ఆదోని,
24-4-1986, ఉదయం ఆరున్నర

కాశన్నా,

ఇది టపాలో వేయడం లేదు. ఏడు గంటల బస్సులో వెంకటేశులు చేతికి ఇస్తున్నాను, నేరుగా నీ కొట్టానికే తెచ్చిస్తానన్నాడు.

మూడు గీతల ముక్క కోసింది కాదు. దానికి రెండు పక్కల రంపం గీతలున్నాయి. మూడో పక్క లేవు. ఆ పక్క విరిగింది. మీ ఇంటి గిలక ఎప్పుడు విరిగింది, కాశన్నా? నాకెందుకు చెప్పలేదు?

విరిగిన ముఖం చదునుగా, గరుకుగా ఉంది. ఎక్కడా సాగిన గుర్తు లేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే గింజలు విడివిడిగా లేవు. గుంపులు గుంపులుగా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆ గుంపుల మధ్యకు సత్తు చేరనే లేదు, సన్నటి ఖాళీలున్నాయి. పగులు ఒక ఖాళీలో పుట్టి ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు దూకుతూ పోయింది. పొరలు జారకుండా అడ్డుపడతాయని నేను మెచ్చుకున్న గింజలే ఇక్కడ పగులుకు దారి వేశాయి. మొదటిదీ నడిమిదీ బాగానే ఉన్నాయి. అడుగుది మాత్రం వంగదు. ముందుగా ఏమీ తెలియజేయదు. నిన్నటిదాకా మోసింది కదా అనుకోవడానికి లేదు. ఒక్క అదురు చాలు.

తప్పు నాది కూడా. ఒక్క ముక్క చూశాను, అందులోనూ ఒక్క మూల చూశాను. చూసి, నిర్భయంగా అనే మాట రాశాను. పిల్లలు పరీక్షలో అట్లా రాస్తే సున్నా వేస్తాను.

మద్దయ్య గిలకను ఈరోజే దింపించు. నా మీద కోపముంటే తర్వాత తిట్టు. ముందు బయలుదేరు.

దేవకి

ఎమ్మిగనూరు బస్టాండు,
24-4-1986

దేవకీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నందవరం బస్సు పది నిమిషాల్లో ఉంది, ఆదోని బస్సు ఎదురుగా కదులుతోంది. అందుకే నిలబడి రాస్తున్నాను, చదవడానికి కష్టపడు.

ఇంటి గిలక ఏప్రిల్ పన్నెండున విరిగింది. ఉత్త కడవ నీళ్లకే. హులిగమ్మ ఊర్లో లేదు, నేనే తోడుతున్నాను. మోకు ముడి తట్టుకుని విరిగిందని నాకు నేనే చెప్పుకున్నాను. పన్నెండు దినాలు అదే చెప్పుకున్నాను. ముక్కలు దాచి ఇనుపది కట్టినాను. అమ్మినవాళ్లందరూ వచ్చి నిలదీస్తారని భయం. నీకు ముక్క పంపినాను గానీ మాట పంపలేకపోయినాను.

పోతున్నాను. మద్దయ్య పొద్దున్నే దిగుతాడు.

కాశప్ప

ఎమ్మిగనూరు, మీ ఇంటి అరుగు మీద,
4-5-1986, ఆదివారం

కాశన్నా,

బస్టాండు నుంచి నువ్వు పంపిన చీటీ అంది పది రోజులైంది. వెంకటేశులును రోజూ అడుగుతున్నాను, ఉత్తరమేమీ ఇవ్వలేదంటున్నాడు. ఇక ఉండలేక వచ్చాను. మీ ఇంటికి తాళం ఉంది. పక్కింటి కమలమ్మను అడిగితే, నువ్వూ హులిగమ్మ వదినా వారం కింద సంచులు తీసుకుని పోయారు, ఎప్పుడొస్తారో తెలియదంది. నందవరం దిక్కు నుంచి ఏమైనా వినపడిందా అంటే, "ఆ దిక్కు యాదో బాయికాడ యామో అయిందంట తల్లీ, నాకు సరింగా తెలీదు" అంది. ఏమైంది, ఎవరికైంది అంటే ఆమెకూ తెలియదు. ఆ మాట విని బస్టాండుకు పోయి వచ్చాను.

మద్దయ్య ఉన్న పల్లె పేరు నువ్వు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. నందవరం దిక్కు అన్నావు, భీమప్ప అన్నావు. ఆ దిక్కున భీమప్పలు ఎంతమందో. బస్టాండులో నలుగురిని అడిగాను, నలుగురూ నాలుగు ఊర్లు చెప్పారు.

ఇంకొకటి రాయాలి. ఇరవై నాలుగో తేదీ నేనే వచ్చి ఉండొచ్చు. ఆరోజు పది గంటలకు పరీక్ష డ్యూటీ ఉంది. సెలవు కావాలంటే కారణం చెప్పాలి. ఫలానా గిలకలు బాగున్నాయని రాసిచ్చింది నేనే, అవి విరుగుతున్నాయి అని ప్రిన్సిపాల్ ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఉత్తరం బస్సుకు ఇచ్చి, నేను పోయి పరీక్ష హాల్లో నిలబడ్డాను. నువ్వు పన్నెండు రోజులు దాచావని నిన్ను అడిగిన దాన్ని, ఒక్క పూట సెలవు అడగలేకపోయాను.

మంచైనా చెడైనా ఒక్క ముక్క రాయి. ఏమీ తెలియకుండా ఉండటం నాకు చాతకావడం లేదు. ఇది తలుపు కింద వేసి పోతున్నాను.

దేవకి

ఎమ్మిగనూరు,
9-5-1986

అమ్మా దేవకీ,

ముందు చెప్పాల్సింది చెబుతాను. మద్దయ్య బతికే ఉన్నాడు, ఒంటి మీద గీత కూడా పడలేదు. నిన్ను పదిహేను దినాలు ఏడిపించినందుకు నా తప్పు ఒప్పుకుంటున్నాను. రాయాలని రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ లేచిపోయినాను. ఎందుకో విను.

బస్సు దిగి నాలుగు మైళ్లు పరుగులాంటి నడక నడిచినాను. బావి దగ్గరికి చేరేసరికి ఎద్దులు మోకు గుంజుతున్నాయి. రాళ్ల తొట్టి సగం దూరం పైకి వచ్చింది. దాని కింద పది మట్ల లోతున మద్దయ్య. అరుపు నా గొంతు దాకా వచ్చింది. అరిస్తే ఎద్దులు బెదురుతాయి, తోలుతున్న గోవిందన్న పగ్గం గుంజుతాడు, మోకు అదురుతుంది. ఒక్క అదురు చాలని నువ్వు రాసినావు. నోరు మూసుకుని నిలబడినాను. ఆ ఎద్దులు వేసే ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టినాను. ఇంటి గిలక విరిగినాక పన్నెండు దినాలు నోరు మూసుకోవడం నాకు ఇంత కష్టం కాలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తొట్టి గట్టు మీదికి వచ్చినాక చెప్పినాను, గిలక దింపండి అని. ఎవరూ కదల్లేదు. గోవిందన్న నవ్వినాడు. నెలన్నర నుంచి మోస్తున్నది ఈపొద్దు ఏమొచ్చిందన్నాడు. భీమప్పకు కోపం వచ్చింది, జానెడు తవ్వితే నీళ్లు పడేటట్టున్నాయి, ఇప్పుడు ఆపితే ఎట్లా అన్నాడు. నువ్వు రాసిన గింజలు, గుంపులు, పగులు అన్నీ చెప్పినాను. వాళ్లకు ఎక్కలేదు. అంతలో రెండో తొట్టికి మోకు వదలబోయినారు.

అప్పుడు బావి గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి అరిచినాను. "మద్దయ్యా, మా యింటి గిలక ఇరిగింది. దీని జతదే. పన్నెండు దినాలాయె. నాకు తెలుసు."

గోవిందన్న మోకు పట్టి ఆపేసినాడు. 

మద్దయ్యను పక్కనున్న బండ చాటుకు పొమ్మని, భీమప్ప కొట్టంలో పడి ఉన్న పాత ఇనుప గిలక తెప్పించి మార్చినాము. దానితోనే అతన్ని పైకి లాగినారు. దింపిన గిలకను బండ మీద పెట్టి సమ్మెటతో ఒక్కటి వేసినాను, గట్టిగా కూడా కాదు. మూడు ముక్కలైంది. ఒక్క ముక్కా వంగలేదు.

మద్దయ్య ఆ ముక్కలను కాలితో కదిపి చూసినాడు. నా మీద చెయ్యి చేసుకుంటాడేమో అనుకున్నాను, చేసుకుని ఉంటే బాగుండేది. మెల్లగా అడిగినాడు. "బావా, ఈ పన్నెండు దినాలు నేను యాడ నిలబడుకోనుంటినో నీకు తెలుసు గదా?"

తెలుసు అన్నాను. 

హులిగమ్మకు ఆ సాయంత్రం నేనే చెప్పినాను.  తాను పట్టుబట్టి ఇప్పించిన గిలక కదా, తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. రెండు దినాలకు సంచులు తీసింది. ఇద్దరం ఊరూరా తిరిగి పదకొండు గిలకలూ వెనక్కి తెచ్చినాము. మొదటివీ నడిమివీ బాగున్నాయని నువ్వు రాసినావు. అయినా అడుగు పోతకు ముందరి గరిటె ఏ గిలకలో పోసినానో నాకు గుర్తు లేదు, అందుకే ఒక్కటి కూడా వదలలేదు. కమలమ్మ విన్నది ఈ గొడవ గురించే. నీ పేరు చెప్పి అమ్మినాను కాబట్టి, ప్రతి ఇంటి ముందూ నా పేరే చెప్పి అడిగి తీసుకున్నాను. హులిగమ్మ గిలకలు ఇచ్చినవాళ్లందరితో మాట్లాడింది. నాతో ఇంతవరకు మాట్లాడలేదు.

నీ తప్పు నువ్వు రాసుకున్నావు. నిన్ను ఓదార్చే పెద్దరికం నాకు లేదు. ఒక ముక్క చూసి చెప్పడం నీ తొందర, నున్నటి ముక్క ఏరి పంపడం నా తెలివి. విరిగినాక దాచింది మాత్రం ఒక్క నేనే, అందులో నీకు వంతు లేదు. పొడి కలిపే పని మానను. చివరి గరిటె దాకా తిప్పుతూనే పోయాలని ఉంది, అది చాలుతుందో లేదో నువ్వు ఇక్కడికి వచ్చి నిలబడి చూడు. అన్ని గిలకల ముక్కలూ కోసిస్తాను. అడుగున మిగిలింది ఇకమీదట ఎవరి ఇంటికీ పోదు, నా ఇంటికి కూడా పోదు. మా తాత పద్ధతి నాతోనే ఆగిపోయింది.

నిన్న బస్టాండులో మద్దయ్య కనబడినాడు. ఇనుప గిలక భుజాన వేసుకుని నిలబడినాడు, చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. దగ్గరికి పోయి, పని ఎక్కడ అని అడిగినాను. "తుగ్గలి దిక్కు, కాశప్పన్నా" అన్నాడు. బస్సు వచ్చింది. గిలక ఎత్తడానికి చెయ్యి వేయబోతే పక్కకు తిరిగి తానే ఎత్తుకుని ఎక్కినాడు.

మా పెండ్లయి పదహారేండ్లు. మద్దయ్య నన్ను బావా అని కాకుండా ఇంకో మాటతో పిలవడం నేను ఇదే వినడం.

కాశప్ప